పాత బజారును నిలబెట్టుకోవడం: అమెరికాలో పట్టణాలు మెయిన్ స్ట్రీట్ కార్యక్రమంలో చేరే తీరు

అమెరికాలో ఒక చిన్న పట్టణం తన పాత వ్యాపార వీధిని బాగుచేసుకోవాలనుకున్నప్పుడు మొదట సంప్రదించేది చాలావరకు తన రాష్ట్రంలోని మెయిన్ స్ట్రీట్ కార్యాలయాన్నే. ఈ కార్యక్రమానికి మూడు అంచెలున్నాయి. పైన మెయిన్ స్ట్రీట్ అమెరికా అనే జాతీయ సంస్థ, మధ్యలో రాష్ట్రస్థాయి సమన్వయ కార్యక్రమం, కింద ఆయా ఊళ్ళలో పనిచేసే స్థానిక సంస్థ. పద్ధతినీ ప్రమాణాలనూ జాతీయ సంస్థ రూపొందిస్తుంది. ఏ ఊరిని చేర్చుకోవాలి, ఎవరికి ఏ శిక్షణ ఇవ్వాలి, ఎవరు ప్రమాణాలు అందుకున్నారు, ఎవరు వెనకబడ్డారు అన్నవి రాష్ట్రం చూసుకుంటుంది. దుకాణదారులతో మాట్లాడటం, ఖాళీ భవనాలకు మనుషులను వెతకడం, ఉత్సవాలు జరపడం లాంటి రోజువారీ పని స్థానిక సంస్థది. దేశంలో ఇలాంటి సమన్వయ కార్యక్రమాలు నలభై దాకా ఉన్నాయి. వాటి నీడలో వెయ్యికి మించిన పట్టణాలు, పెద్ద నగరాల్లోని పాత పేటలు పనిచేస్తున్నాయి. చేరిక అనేది మధ్య అంచెలో తేలే విషయం కాబట్టి ఈ సమీక్ష ఎక్కువగా దాని చుట్టూనే నడుస్తుంది.

పాత బజార్లు పడిపోవడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కథ. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. అదే ఏడు మిన్నెసోటాలోని ఈడైనాలో విక్టర్ గ్రూయెన్ రూపకల్పన చేసిన సౌత్‌డేల్ తెరుచుకుంది. పైకప్పు కింద, చలికీ ఎండకీ సంబంధం లేకుండా నడిచిన తొలి పెద్ద షాపింగ్ మాల్ అది. కారు ఉన్న కుటుంబం ఊరి బయట మాల్ దగ్గర బండి ఆపి అన్నీ ఒకేచోట కొనుక్కోవడం మొదలుపెట్టింది. ఊరి నడిబొడ్డున ఇటుకలతో కట్టిన రెండు మూడంతస్తుల భవనాల్లో కింది దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పై అంతస్తులు అంతకు ముందే ఖాళీ. మిగిలిన యజమానులు కొందరు మాల్‌లా కనిపించాలని పాత ఇటుక ముఖాలను అల్యూమినియం రేకులతో కప్పేశారు.

ప్రభుత్వాలు మొదట పట్టుకున్న మందు రోగం కంటే ఎక్కువ చేటు చేసింది. 1949 గృహనిర్మాణ చట్టంతో మొదలైన పట్టణ నవీకరణ పేరుతో ఎన్నో ఊళ్ళలో పాత కట్టడాలను వరుసలకు వరుసలుగా కూలగొట్టి ఆ స్థలాన్ని పార్కింగ్‌కు వదిలేశారు. మిషిగన్‌లోని కాలమజూ 1959లో తన ప్రధాన వీధిలో కార్లను ఆపేసి నడక వీధిగా మార్చింది. దాన్ని చూసి చాలా ఊళ్ళు అదే చేశాయి. వాటిలో ఎక్కువభాగం తర్వాత మళ్ళీ కార్లను రానివ్వాల్సి వచ్చింది. రోడ్డు మీద ఏం చేసినా, రోడ్డు పక్క దుకాణంలో బేరం లేకపోతే వీధి బతకదని తెలుసుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

వేరే దారి న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్‌లో కనిపించింది. 1972లో ఆగ్నెస్ తుఫాను తెచ్చిన వరద ఆ ఊరి మార్కెట్ స్ట్రీట్‌ను ముంచెత్తింది. 1974లో ఏర్పడ్డ ఒక పునరుద్ధరణ సంస్థ నార్మన్ మింట్జ్ అనే రూపశిల్పిని పూర్తికాలం పనిలో పెట్టుకుంది. ఆయన దుకాణం దుకాణానికీ తిరిగి, బోర్డు ఎలా ఉండాలి, పాత ఇటుకను ఎలా శుభ్రం చేయాలి, ఏ రేకు తీసేయాలి అని యజమానులతో కూర్చుని మాట్లాడేవారు. కూల్చివేత లేకుండా, మెల్లగా, ఒక మనిషి నడిపించగా వీధి కోలుకుంది.

చారిత్రక కట్టడాల పరిరక్షణకు పనిచేసే నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ 1977లో తన మధ్యపశ్చిమ కార్యాలయం ద్వారా ఈ ఆలోచనను పెద్ద ఎత్తున పరీక్షించింది. మేరీ మీన్స్ దానికి నాయకత్వం వహించారు. ఇలినాయ్‌లోని గేల్స్‌బర్గ్, ఇండియానాలో ఒహాయో నది ఒడ్డునున్న మాడిసన్, సౌత్ డకోటాలోని హాట్ స్ప్రింగ్స్ ఎంపికయ్యాయి. మూడు ఊళ్ళూ పరిమాణంలో, ఆర్థికంలో ఒకదానికొకటి పొంతన లేనివి. ప్రతి ఊళ్ళోనూ ఒక మేనేజర్‌ను నియమించి మూడేళ్ళపాటు భవనాలనూ, వ్యాపారాన్నీ, ప్రచారాన్నీ కలిపి చూశారు. కట్టడాన్ని కాపాడటం, దాంట్లో వ్యాపారం నడపడం వేర్వేరు పనులుగా ఉన్నంతకాలం రెండూ ఓడిపోతాయని అక్కడ తేలింది. ఈ రెంటినీ రోజూ కలిపి ఉంచడానికి జీతం తీసుకునే మనిషి ఒకరు ఉండాలని కూడా తేలింది. తర్వాతి నలభై అయిదేళ్ళలో వచ్చిన నియమాలన్నీ ఈ రెండు గ్రహింపుల మీదే నిలబడ్డాయి.

1980లో నేషనల్ మెయిన్ స్ట్రీట్ సెంటర్ ఏర్పడింది. ఇప్పటి మెయిన్ స్ట్రీట్ అమెరికా అదే. పనిని రాష్ట్రాల ద్వారా నడపాలన్న నిర్ణయం అప్పుడే జరిగింది. కొలరాడో, జార్జియా, మసాచుసెట్స్, నార్త్ కరొలైనా, పెన్సిల్వేనియా, టెక్సస్ తొలి ఆరు రాష్ట్రాలు. ఒక్కో రాష్ట్రం అయిదేసి ఊళ్ళను ఎంచుకుంది. నార్త్ కరొలైనా న్యూ బర్న్, షెల్బీ, సాల్స్‌బరీ, టార్బరో, వాషింగ్టన్ అనే ఊళ్ళను తీసుకుంటే, టెక్సస్ ఈగిల్ పాస్, హిల్స్‌బరో, నవసోటా, ప్లెయిన్‌వ్యూ, సెగీన్‌లతో మొదలుపెట్టింది. కెంటకీ వీటికంటే ఒక ఏడు ముందే, 1979లో, సొంతంగా రాష్ట్రవ్యాప్త కార్యక్రమం పెట్టుకుంది.

రాష్ట్రాన్ని మధ్యలో పెట్టడానికి మంచి కారణమే ఉంది. వేల ఊళ్ళను ఒక జాతీయ కార్యాలయం కనిపెట్టుకుని ఉండలేదు. 1966 చారిత్రక పరిరక్షణ చట్టం వల్ల ప్రతి రాష్ట్రంలోనూ పరిరక్షణ కార్యాలయం అప్పటికే ఉంది. వాణిజ్య శాఖలూ ఉన్నాయి. ఒక్కో రాష్ట్రం తనకు వీలైన చోట కార్యక్రమాన్ని ఉంచింది. టెక్సస్‌లో అది చారిత్రక కమిషన్ చేతిలో ఉంది. ఐయొవా ఆర్థికాభివృద్ధి సంస్థకు, నార్త్ కరొలైనా వాణిజ్య శాఖకు అప్పగించాయి. మిసిసిపీలో లాభాపేక్ష లేని సంఘమే నడుపుతోంది. వాషింగ్టన్ రాష్ట్రంలో పురావస్తు, పరిరక్షణ శాఖ ఒప్పందం మీద వాషింగ్టన్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థకు పని అప్పజెప్పింది. చేరాలనుకునే ఊరికి ఈ తేడా చిన్నది కాదు. పరిరక్షణ శాఖ నడిపే చోట భవనాల స్థితి గురించీ రక్షణ నిబంధనల గురించీ ప్రశ్నలు ఎక్కువ. వాణిజ్య శాఖ నడిపే చోట ఖాళీలు, ఉద్యోగాలు, పెట్టుబడి గురించి ఎక్కువ అడుగుతారు. దరఖాస్తు రాసేముందు తమ రాష్ట్ర కార్యక్రమం ఏ శాఖ గొడుగు కింద ఉందో తెలుసుకున్న ఊరు సగం పని తేలిక చేసుకున్నట్టే.

చేరే ఊరు అంగీకరించే పని పద్ధతికి నాలుగు అంగాలు. మనుషులనూ డబ్బునూ కూడగట్టే సంస్థాగత నిర్మాణం, వీధికి జనాన్ని రప్పించే ప్రచారం, భవనాలూ ఫుట్‌పాత్‌లూ బోర్డులూ చూసే రూపకల్పన, వ్యాపారాలను నిలిపి కొత్తవాటిని తెచ్చే ఆర్థిక చైతన్యం. ఈ నాలుగింటినీ ఒకేసారి నడపాలి. ఒకటి తీసుకుని మిగతావి వదిలేస్తే కుదరదు. ఏటా పండగ చేసి బజారును పునరుద్ధరించామనుకునే ఊళ్ళు చాలా ఉన్నాయి. వాటి దరఖాస్తులను రాష్ట్ర కార్యాలయాలు తరచూ వెనక్కి పంపుతాయి.

ఎవరు చేరవచ్చు

విడి దుకాణదారుకు ఇందులో సభ్యత్వం లేదు. చేరేది ఊరు, లేదా ఊళ్ళో స్పష్టమైన సరిహద్దు గల ఒక వ్యాపార ప్రాంతం. ఆ ప్రాంతం కాలినడకన తిరగగలిగేంత దగ్గరగా ఉండాలి. పాత కట్టడాలు ఒకదాన్నొకటి ఆనుకుని తగినన్ని మిగిలి ఉండాలి. దుకాణాలు, ఆఫీసులు, బ్యాంకు, తపాలా కార్యాలయం, కోర్టు లాంటివి కలగలిసి ఉండాలి. హైవే వెంట పార్కింగ్ స్థలాల వెనక వరుసగా ఉన్న కొత్త దుకాణాల సముదాయానికి ఈ అర్హత రాదు. జనాభా విషయంలో కనీసం అంటూ చాలా రాష్ట్రాల్లో లేదు. ఐయొవాలో డిమోయిన్ నది ఒడ్డున ఉన్న బోనపార్ట్ జనాభా అయిదు వందల లోపే. ఆ ఊరివాళ్ళు తలా కొంత వేసుకుని ఒక కంపెనీ పెట్టి, కూలిపోవడానికి సిద్ధంగా ఉన్న భవనాలను కొని బాగుచేశారు. 1996లో ఆ ఊరికి దేశస్థాయి మెయిన్ స్ట్రీట్ పురస్కారం వచ్చింది. మరోవైపు డాలస్‌కు ఉత్తరాన, తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ ప్రాంతంలో వేగంగా పెరిగిన మెకిన్నీ కూడా ఈ కార్యక్రమంలో ఉంది. పాత కోర్టు భవనం చుట్టూ ఉన్న చౌరస్తా అక్కడి మెయిన్ స్ట్రీట్.

ఊరి తరఫున దరఖాస్తు చేసే సంస్థ రెండు రకాలుగా ఉండవచ్చు. టెక్సస్‌లో ఎక్కువ ఊళ్ళలో అది నగరపాలక సంస్థలో ఒక విభాగం. మేనేజర్ నగర ఉద్యోగి. జీతం నెలనెలా వస్తుంది, ఇంజినీరింగ్ విభాగంతో పని తేలికవుతుంది. కానీ మేయర్ మారితే ప్రాధాన్యాలు మారతాయి, బడ్జెట్ బిగిస్తే మొదటి కోత ఇక్కడే పడుతుంది. ఐయొవా, వాషింగ్టన్ లాంటి చోట్ల స్వతంత్రమైన లాభాపేక్ష లేని సంస్థ ఉంటుంది. పన్ను చట్టంలోని 501(సి)(3) కింద నమోదైతే దాతలకు పన్ను మినహాయింపు వస్తుంది. వ్యాపారుల సంఘంలా 501(సి)(6) కింద నమోదయ్యేవీ ఉన్నాయి. ఇలాంటి సంస్థకు వ్యాపారుల నమ్మకం త్వరగా దొరుకుతుంది. ప్రతి ఏడూ జీతం డబ్బు వెతుక్కోవాల్సిన బెంగ మాత్రం తప్పదు. అనుభవం మీద చూస్తే సొంత పాలకమండలి ఉండి, నగరం నుంచి రాతపూర్వకంగా ఏటా డబ్బు వచ్చే ఏర్పాటు ఎక్కువకాలం నిలుస్తుంది.

దరఖాస్తుకు ముందు

కాగితం మీద దరఖాస్తు చివరి మెట్టు. దానికి ముందు ఏడాది, ఒక్కోచోట రెండేళ్ళ పని ఉంటుంది. సాధారణంగా ఎవరో ఒకరిద్దరు మొదలుపెడతారు: నగర మేనేజర్, ఛాంబర్ ఆఫ్ కామర్స్ కార్యదర్శి, మూడు తరాలుగా దుకాణం నడుపుతున్న కుటుంబం, లేదా కొత్తగా వచ్చి పాత భవనం కొన్నవాళ్ళు. వాళ్ళు రాష్ట్ర కార్యాలయానికి ఫోన్ చేస్తే అక్కడి సిబ్బంది మొదట ఇచ్చే సలహా ఒకటే. ఇప్పటికే కార్యక్రమంలో ఉన్న పక్క ఊరికి వెళ్ళి, అక్కడి మేనేజర్‌తో ఒక రోజు గడపమంటారు. చాలా రాష్ట్రాలు దరఖాస్తుదారులకు ప్రత్యేకంగా శిక్షణ సభలు పెడతాయి. వాటికి ఊరి నుంచి కొందరైనా హాజరు కాకపోతే దరఖాస్తు తీసుకోని రాష్ట్రాలున్నాయి.

తర్వాత ఊళ్ళో బహిరంగ సభ. అసలు చిక్కులు ఇక్కడే బయటపడతాయి. నడిబొడ్డున ఉన్న భవనాల యజమానులు కొందరు ఊళ్ళో ఉండరు. ఖాళీ భవనం మీద పన్ను తక్కువ కాబట్టి దాన్ని అలాగే ఉంచడం వాళ్ళకు నష్టం కాదు. పరిరక్షణ అనగానే తన గోడకు తను రంగు వేసుకునే హక్కు పోతుందని భయపడే యజమాని ఉంటారు. ఊరి అంచున దుకాణం ఉన్నవాళ్ళు తమ పన్ను నడిబొడ్డుకు ఎందుకు పోవాలని అడుగుతారు. ఈ ప్రశ్నలు న్యాయమైనవి. వీటికి సభలోనే జవాబు చెప్పుకున్న ఊరు ముందుకు వెళుతుంది. జవాబు దాటవేసి దరఖాస్తు పంపిన ఊరిని రెండో ఏడు అవే ప్రశ్నలు ఆపేస్తాయి.

ఆసక్తి ఉందని తెలిపే లేఖ మొదట వెళుతుంది, ఆ తర్వాత నిర్ణీత గడువులోగా పూర్తి దరఖాస్తు. దాంట్లో అడిగేవి రాష్ట్రాన్నిబట్టి మారినా వెన్నెముక ఒకటే. వ్యాపార ప్రాంతం హద్దులు చూపే పటం ఉండాలి. ప్రతి వీధి రెండు వైపుల ఫొటోలు, భవనాల జాబితా, వాటిలో ఏది ఎప్పుడు కట్టారు, కింది అంతస్తులో ఏముంది, పైన ఏముంది, ఎన్ని ఖాళీ అన్న వివరాలు కావాలి. ఇప్పటిదాకా ఊరు తనంతట తాను ఏం చేసిందో చెప్పాలి. పాలకమండలిలో ఎవరుంటారో, వాళ్ళలో దుకాణదారులు, భవన యజమానులు, నివాసులు ఎంతమందో చూపాలి. నగరం, కౌంటీ, బ్యాంకులు, పాఠశాల, చర్చిలు ఇచ్చిన మద్దతు లేఖలు జతచేయాలి. అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు కాగితాలు. ఒకటి సిటీ కౌన్సిల్ తీర్మానం. రెండోది రాబోయే కొన్నేళ్ళకు, సాధారణంగా మూడేళ్ళకు, ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో చూపే బడ్జెట్.

ఆ బడ్జెట్‌లో పెద్ద పద్దు మేనేజర్ జీతం. జాతీయ సంస్థ చాలాకాలం పాటించిన పది ప్రమాణాల్లో జీతం తీసుకునే నిపుణ మేనేజర్ ఒక తప్పనిసరి అంశం. అయిదు వేలకు మించిన జనాభా ఉన్న ఊరికి పూర్తికాలం మేనేజర్, అంతకంటే చిన్న ఊరికి కనీసం సగంకాలం మేనేజర్ ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. ఇటీవల ఆ పది ప్రమాణాలను ఆరుగా కుదించి తిరగరాశారు. విస్తృతమైన జనమద్దతు, అందరికీ చోటిచ్చే నాయకత్వం, పలు దారుల నుంచి వచ్చే నిధులు, వ్యూహం ప్రకారం నడిచే కార్యక్రమాలు, పరిరక్షణ ఆధారంగా ఆర్థికాభివృద్ధి, లెక్క చూపగల ఫలితాలు అనేవి ఇప్పటి ఆరు. మాటలు మారినా మేనేజర్ అవసరం ఏమీ తగ్గలేదు. వలంటీర్లు ఎంత మంచివాళ్ళయినా వాళ్ళకు సొంత ఉద్యోగాలుంటాయి. ఖాళీ భవనం యజమాని వేరే రాష్ట్రంలో ఉంటే అతన్ని ఆరు నెలలపాటు వదలకుండా ఫోన్‌లో పట్టుకోవడం, పన్ను రాయితీ దరఖాస్తు నింపిపెట్టడం, కొత్తగా బేకరీ పెట్టాలనుకునే అమ్మాయిని బ్యాంకు దగ్గరికి తీసుకెళ్ళడం సాయంత్రాల్లో జరిగే పనులు కావు.

ఎంపిక, తర్వాతి బాధ్యతలు

దరఖాస్తు అందాక రాష్ట్ర సిబ్బంది ఊరికి వస్తారు. వీధిలో నడుస్తారు, దుకాణాల్లోకి వెళ్ళి మాట్లాడతారు, కౌన్సిల్ సభ్యులను కలుస్తారు. కొన్ని రాష్ట్రాల్లో ఊరి బృందం రాజధానికి వెళ్ళి ఎంపిక సంఘం ముందు తమ వాదన వినిపిస్తుంది. మార్కులు వేసి, ఆ ఏడు తమ సిబ్బంది మోయగలిగినన్ని ఊళ్ళనే తీసుకుంటారు. చాలాచోట్ల ఆ సంఖ్య చాలా చిన్నది. మొదటిసారి తిరస్కారం వచ్చిన ఊరు లోపాలు సరిచేసుకుని మళ్ళీ రావడం మామూలే, రాష్ట్రాలు దాన్ని ప్రోత్సహిస్తాయి కూడా. ఎంపికైన ఊళ్ళ ప్రకటనను టెక్సస్ వేడుకగా జరుపుతుంది. కొత్త పట్టణాలను గవర్నర్ సతీమణి స్వయంగా సందర్శించే ఆనవాయితీ అక్కడ ఉంది.

ఎంపిక తర్వాత రాష్ట్రానికీ నగరానికీ స్థానిక సంస్థకూ మధ్య ఒప్పందం కుదురుతుంది. ఎవరేం చేయాలో అందులో రాసి ఉంటుంది. ఊరు మేనేజర్‌ను నియమించాలి, అతన్నో ఆమెనో శిక్షణకు పంపాలి, నెలకో మూడు నెలలకో గణాంకాలు ఇవ్వాలి, జాతీయ సంస్థ సభ్యత్వ రుసుము కట్టాలి. ఎన్ని దుకాణాలు కొత్తగా తెరిచారు, ఎన్ని మూతపడ్డాయి, ఎన్ని ఉద్యోగాలు పెరిగాయి, ఎన్ని భవనాలు బాగుచేశారు, దాంట్లో ప్రైవేటు డబ్బెంత, ప్రభుత్వ డబ్బెంత, వలంటీర్లు ఎన్ని గంటలు పనిచేశారు అన్నవి ఆ గణాంకాలు. చేరిన మొదటి నెలల్లోనే ఉన్నదున్నట్టు లెక్క తీసి పెట్టుకోకపోతే తర్వాత పెరిగిందో తరిగిందో చెప్పే వీలుండదు.

రాష్ట్రం తన వంతుగా నిపుణుల బృందాన్ని కొన్ని రోజుల కోసం పంపుతుంది. వాళ్ళు ఊరి మార్కెట్‌ను అంచనా వేసి, జనంతో సమావేశమై, మొదటి రెండేళ్ళకు పని ప్రణాళిక సూచిస్తారు. టెక్సస్ లాంటి చోట రాష్ట్ర రూపశిల్పులు యజమానులకు ఉచితంగా భవన ముఖభాగం బొమ్మలు గీసిస్తారు. రేకుల వెనక పాత ఇటుక ఎలా ఉండి ఉంటుందో బొమ్మలో చూశాక మనసు మార్చుకున్న యజమానులు ఉన్నారు. 2015 నుంచి జాతీయ సంస్థ పద్ధతిలో ఇంకో మార్పు వచ్చింది. నాలుగు అంగాల కింద విడివిడిగా పనులు రాసుకునే బదులు, ఊరు ముందు తన మార్కెట్‌కు సరిపడే ఒకటి రెండు వ్యూహాలు ఎంచుకోవాలి. కళాశాల విద్యార్థులకు సరిపడే బజారుగానో, చుట్టుపక్కల రైతుల పంటకు, తిండికి కేంద్రంగానో, పెద్దవయసు వాళ్ళు నివసించే ప్రాంతంగానో మారాలని నిర్ణయించుకున్నాక నాలుగు అంగాల పనులనూ దానివైపు మళ్ళిస్తారు. ఏటా రాష్ట్రం మదింపు చేస్తుంది. ప్రమాణాలు అందుకున్న ఊరికి జాతీయ గుర్తింపు వస్తుంది. అందుకోలేనివి అనుబంధ స్థాయిలో ఉంటాయి. వరసగా వెనకబడితే గుర్తింపు పోతుంది.

మెట్ల దారి

తొలి రోజుల్లో ఊరు కార్యక్రమంలో ఉండేది, లేదా ఉండేది కాదు. మధ్యస్థితి లేదు. దానివల్ల సిద్ధం కాని ఊళ్ళు పోటీలో గెలిచి రెండేళ్ళలో కుప్పకూలడం, సిద్ధపడాలనుకునే ఊళ్ళకు ఎటువంటి సాయమూ అందకపోవడం జరిగాయి. అందుకే చాలా రాష్ట్రాలు మెట్లు కట్టాయి. 2003లో మొదలైన మిషిగన్ కార్యక్రమంలో ఊరు తొలి మెట్టులో శిక్షణ పొంది పద్ధతి నేర్చుకుంటుంది. ఆ తర్వాత పోటీపడి రెండో మెట్టుకు చేరితే కొన్నేళ్ళపాటు గట్టి సాంకేతిక సాయం దొరుకుతుంది. అది ముగించిన ఊళ్ళు చివరి స్థాయికి వెళతాయి. ఒరెగన్‌లోనూ అలాగే వేరువేరు అంతస్తులున్నాయి. నార్త్ కరొలైనా కొత్త ఊళ్ళను మొదట అనుబంధ పట్టణాలుగా తీసుకుని, సిద్ధమయ్యాకే మెయిన్ స్ట్రీట్ హోదా ఇస్తుంది. విస్కాన్సిన్ పూర్తి కార్యక్రమంలో చేరలేని ఊళ్ళకు శిక్షణ, పరిచయాల వరకు అందించే తేలికపాటి సభ్యత్వం పెట్టింది.

ఇది సరైన మార్పు. మొదటి మెట్టు మీద ఖర్చు తక్కువ. ఊరు తన శక్తిని తానే తూచుకోవచ్చు. పైకి వెళ్ళకూడదని నిర్ణయించుకున్న ఊరు కూడా కొంత నేర్చుకునే ఆగుతుంది. అయితే మొదటి మెట్టు మీదే ఏళ్ళ తరబడి ఉండిపోయే ఊళ్ళు ఎందుకు ఆగిపోయాయో రాష్ట్రాలు పట్టించుకోవాలి. తరచూ కారణం ఒకటే, మేనేజర్ జీతానికి డబ్బు లేకపోవడం.

డబ్బు సంగతి

చేరితే రాష్ట్రం పెద్ద మొత్తం ఇస్తుందన్న భ్రమ కొత్త ఊళ్ళలో బలంగా ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో కార్యక్రమం ఇచ్చేది శిక్షణ, సలహా, గుర్తింపు, పరిచయాలు. నేరుగా వచ్చే గ్రాంట్లు ఉంటే చిన్నవి, వాటికీ అంతే మొత్తం స్థానికంగా కలపాలి. పెద్ద డబ్బు వేరే దారుల్లో వస్తుంది, ఆ దారులు తెలిసిన మేనేజర్ ఉంటేనే వస్తుంది. వ్యాపారానికో అద్దెకో వాడే చారిత్రక భవనాన్ని నిర్ణీత ప్రమాణాల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ ఆదాయపు పన్నులో తగ్గుతుంది. 2017 పన్ను చట్టం తర్వాత ఈ తగ్గింపును అయిదేళ్ళకు పంచి ఇస్తున్నారు. చాలా రాష్ట్రాలకు సొంత పన్ను రాయితీలూ ఉన్నాయి. 1974 నాటి సమాజాభివృద్ధి బ్లాక్ గ్రాంట్లను కొన్ని ఊళ్ళు ఫుట్‌పాత్‌లకూ దీపాలకూ వాడుకున్నాయి. యజమానులే ఒప్పుకుని అదనపు పన్ను వేసుకునే వ్యాపార అభివృద్ధి జిల్లాలు మరో ఆధారం. వాషింగ్టన్ రాష్ట్రం చక్కటి ఏర్పాటు చేసింది. అక్కడ గుర్తింపు పొందిన మెయిన్ స్ట్రీట్ సంస్థకు ఒక వ్యాపారం విరాళమిస్తే, ఆ మొత్తంలో 75 శాతం ఆ వ్యాపారం రాష్ట్రానికి కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది. డబ్బు స్థానిక సంస్థకు నేరుగా చేరుతుంది, జీతాలకూ వాడుకోవచ్చు. రాష్ట్ర కార్యక్రమాలన్నిటిలోకీ స్థానిక సంస్థను నిలబెట్టే ఆలోచన ఇందులోనే బాగా కనిపిస్తుంది.

పూర్తిగా వేరే దారి న్యూయార్క్‌ది. 2016లో ఆ రాష్ట్రం డౌన్‌టౌన్ పునరుజ్జీవన పథకం మొదలుపెట్టి, పది ప్రాంతాల నుంచి ఒక్కో ఊరిని పోటీలో ఎంచి, ఊరికి కోటి డాలర్ల చొప్పున ప్రకటించింది. మొదటి విడతలో జనీవా, ఎల్మైరా, ప్లాట్స్‌బర్గ్, ఆస్వీగో, జేమ్స్‌టౌన్ లాంటి ఊళ్ళు వచ్చాయి. ప్రాంతీయ ఆర్థికాభివృద్ధి మండళ్ళు పేర్లు సూచిస్తాయి. ఎంపికయ్యాక స్థానిక సంఘం రాష్ట్ర సలహాదారులతో కూర్చుని ప్రాజెక్టుల జాబితా తయారుచేస్తుంది. 2022లో చిన్న ఊళ్ళ కోసం ఇలాంటిదే మరో పథకం చేర్చారు. ఒకేసారి పెద్ద మొత్తం రావడం వల్ల ఏళ్ళుగా నిలిచిపోయిన నిర్మాణాలు కదులుతాయి. ఈ మేలు నిజమైనదే. అయితే డబ్బు ఖర్చయ్యాక ఆ వీధిని రోజూ చూసుకునే మనిషిని ఏర్పాటు చేయడం ఈ పథకంలో ప్రధాన షరతు కాదు. మెయిన్ స్ట్రీట్ పద్ధతిలో మనిషి ముందు వస్తాడు, డబ్బు మెల్లగా వస్తుంది. రెంటినీ కలిపే రాష్ట్రానికి మేలైన ఫలితాలుంటాయని ఊహించడం కష్టం కాదు.

ఫలితాలు, లోపాలు

1980 నుంచి మెయిన్ స్ట్రీట్ ప్రాంతాల్లో తిరిగి పెట్టిన పెట్టుబడి పది వేల కోట్ల డాలర్లు దాటిందని జాతీయ సంస్థ లెక్క చెబుతుంది. ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. స్థానిక సంస్థలు తామే పంపిన సంఖ్యలను కలిపితే వచ్చిన మొత్తం ఇది. కార్యక్రమం లేకపోయినా జరిగి ఉండే పెట్టుబడి ఇందులో ఎంతో విడదీయడం కష్టం. పైగా చేరిన ఊళ్ళు ముందే కొంత కూడగట్టుకోగలిగినవి. సమర్థత ఉన్న ఊరే దరఖాస్తు గెలుస్తుంది కాబట్టి, తర్వాతి విజయంలో కార్యక్రమం వంతు ఎంత, ఆ ఊరి సహజబలం ఎంత అన్న ప్రశ్న మిగులుతుంది. ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, కూల్చివేతల కాలంతో పోలిస్తే మిగిలిన భవనాలూ తెరిచిన దుకాణాలూ కళ్ళకు కనిపించే సాక్ష్యం.

లోపాల్లో ఒకటి విజయం నుంచే పుడుతుంది. వీధికి కళ వచ్చాక అద్దెలు పెరుగుతాయి. గడ్డుకాలంలో వీధిని పట్టుకుని ఉన్న చెప్పుల దుకాణం, క్షౌరశాల ఖాళీ చేయాల్సి రావచ్చు. ఇప్పటి ప్రమాణాల్లో అందరికీ చోటిచ్చే నాయకత్వం అనే అంశం ఉండటానికి ఇలాంటి అనుభవాలూ కారణమే. పాలకమండలిలో భవన యజమానులే ఉంటే అద్దెదారు గొంతు వినపడదు. వలస వచ్చినవాళ్ళు నడిపే దుకాణాలు ఈ రోజు చాలా పాత బజార్లకు ఊపిరి. వాళ్ళకు సభ సమాచారం వాళ్ళ భాషలో అందకపోతే ఆ సంస్థ ఊరందరిదీ అనిపించుకోదు.

రెండో లోపం రాష్ట్రం మీద ఆధారపడటం. కొలరాడో తొలి ఆరింటిలో ఒకటి అయినా మధ్యలో రాష్ట్ర కార్యక్రమం ఆగిపోయి, 2000 ప్రాంతంలో మళ్ళీ మొదలైంది. కాన్సాస్ 1985లో మొదలుపెట్టిన కార్యక్రమాన్ని 2012లో మూసేసింది. కొద్ది రోజుల్లోనే శిక్షణ, సలహా, గుర్తింపు అన్నీ పోయాయి. ఎంపోరియా లాంటి ఊళ్ళు సొంత నిధులతో, సొంత సిబ్బందితో పనిని ఆపకుండా సాగించాయి. రాష్ట్రం 2019–20లో కార్యక్రమాన్ని తిరిగి తెచ్చినప్పుడు అవే దానికి పునాది అయ్యాయి. స్థానిక బడ్జెట్ ఎంత గట్టిగా ఉందో దరఖాస్తులో అంత పట్టుబట్టి అడగడం ఎందుకు అవసరమో కాన్సాస్ చూపింది.

అయినా ఆ పట్టుదలే మూడో లోపానికి మూలం, అన్నిటిలోకీ బాధ కలిగించేది ఇదే. గనులు మూతపడ్డ ఊరు, ఫ్యాక్టరీ వెళ్ళిపోయిన ఊరు, పన్ను వసూళ్ళు సగానికి పడిపోయిన నల్లజాతి ప్రజల పట్టణం మూడేళ్ళ జీతం హామీ ఇవ్వలేవు. సాయం ఎక్కువ అవసరమైన చోటే దరఖాస్తు ఆగిపోతోంది. ప్రమాణాలు తగ్గించడం దీనికి మందు కాదు. మేనేజర్ లేని కార్యక్రమం నిలవదని నాలుగు దశాబ్దాలు చెప్పాయి. బోస్టన్ నగరం మేయర్ థామస్ మెనీనో కాలంలో, 1995లో, దేశంలో తొలి నగరవ్యాప్త మెయిన్ స్ట్రీట్ కార్యక్రమం పెట్టినప్పుడు పేటల సంస్థలకు నగర నిధుల నుంచే నిర్వహణ డబ్బు ఇచ్చింది. దానివల్ల ధనిక పేటలతోపాటు పేద పేటలూ చేరగలిగాయి. రాష్ట్రాలు ఇదే పని చేయవచ్చు. పేద ఊళ్ళకు మొదటి మూడేళ్ళ జీతంలో ఎక్కువ భాగం రాష్ట్రం భరించి, ఏటా కొంత తగ్గిస్తూ నాలుగో ఏట నుంచి ఊరికి అప్పగించవచ్చు. దరఖాస్తు విధానంలో శాసనసభలు ముందుగా చేయాల్సిన సవరణ ఇది.